గీత పడని పెట్టె

సుల్తానా టీచర్‌కు కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి. నంద్యాలలో సైకిళ్లు రిపేరు చేసే మాబాషా కూతురామె. "పట్టుకోకుంటే పనెట్ల వస్తాదే?" అంటూ చిన్నప్పుడే నాయన ఆమె చేతికి పానా ఇచ్చాడు.

ఇప్పుడామె ఆళ్లగడ్డ సర్కారు బడిలో సైన్సు చెబుతోంది. నంద్యాలలోని ఒక విద్యా ఫౌండేషన్ ఆమెకు శిక్షణ ఇచ్చి, పిల్లలు ప్రయోగాలు చేసుకోవడానికని పెట్టె నిండా సామాను పంపింది. హెడ్మాస్టరు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఎప్పుడడిగినా "పిల్లోళ్లు పగలగొడతారమ్మా" అనేవారు. అలాగే ఏడాది గడిచిపోయింది.

మొన్న ఫౌండేషన్ నుంచి షాలిని మేడం బడి చూడడానికి వచ్చారు. హెడ్మాస్టరు పెట్టె తెరిచి, "చూడండి మేడం, ఒక్క గీత గూడా పడల్యా" అని మురిసిపోయారు.

సుల్తానా చెవులు ఎర్రబడ్డాయి. పెట్టె లాక్కుని తరగతిలోకి నడిచి, భూతద్దాలు పిల్లల చేతుల్లో పెట్టింది. షిఫా అనే పిల్ల చేతిలోంచి ఒకటి జారి భళ్లున పగిలింది.

"చెప్పినా కదమ్మా నేను!" మేడంతో పాటు వెనకే వచ్చిన హెడ్మాస్టరు అరిచారు. షిఫా ఏడుపు అందుకుంది.

సుల్తానా ఆ పిల్ల చేతిలో ఇంకో భూతద్దం పెట్టి ఆయన వైపు తిరిగింది.

"అద్దం పగిల్తే ఈ మేడం ఇంకోటి పంపిస్తాది సార్. ఈ పిల్లోళ్లకు పోయిన ఏడాదిని ఎవరు తెచ్చిస్తారు?"