శుక్రవారాలు లేని మనిషి

మా అన్నయ్య రూయెల్‌కి ఆరో ఎక్కం వచ్చు, ఎనిమిదో ఎక్కం వచ్చు, ఏడో ఎక్కం రాదు. కొలంబస్ మూడు ఓడలేసుకుని బయలుదేరాడని తెలుసు, ఒడ్డు చేరాడో లేదో తెలియదు. "చేరే ఉంటాడ్లే. చేరకపోతే మనకీ తిప్పలెందుకు?" అనేవాడు. గుండె నెత్తురుని బయటికి తోస్తుందని తెలుసు, అది మళ్ళీ లోపలికి ఏ దారిన వస్తుందో తెలియదు. మొద్దేం కాదు. ఆ సంగతులన్నీ బళ్ళో శుక్రవారాలు చెప్పారు. శుక్రవారం అన్నయ్య బడికి రాడు. ఏ శుక్రవారమూ రాలేదు.

మా దీవిలో, మా రియో గ్రాండే లోయలో శుక్రవారం అరటిగెలలు కొనే రోజు. లారీ రోడ్డు వరకే వస్తుంది. కొండమీది గెలలన్నీ అది వచ్చేలోపల కిందికి దిగాలి. అందుకు తలలు కావాలి, అవీ మగపిల్లల తలలే కావాలి. ఆ రోజు బళ్ళో వాళ్ళ బెంచీల మీద ఈగలు కూర్చునేవి. ఇటువైపు రిబ్బన్లు కట్టుకుని మేమంతా బుద్ధిగా ఉండేవాళ్ళం.

"డెల్మా కూడా మోయగలదు కదమ్మా," అని అన్నయ్య ఒకసారి అడిగాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, తనకి పదకొండు.

"ఆడపిల్లకి చదువు లేకపోతే రేపు ఎవడో ఒకడి నోటికింద పడుండాలి," అంది అమ్మ. "నీకేం, మగాడివి. చేతిలో కత్తి ఉంది, వీపుంది."

"వీపు దానికీ ఉందిగా?"

"నోర్మూసుకుని చుట్టకుదురు తలమీద పెట్టుకో."

అమ్మది దుర్మార్గం కాదు. నాన్న వదిలేసి పోయిన ఇల్లు మాది. లోయలో తల్లులందరూ అలాగే అనుకునేవారు. కూతురికి పుస్తకం, కొడుక్కి కొండ.

అసలు తమాషా మా టీచరు మిస్ గన్నింగ్‌ది. కొత్త పాఠం ఏదైనా శుక్రవారమే మొదలుపెట్టేది. "ఈ పూట గది ఎంత ప్రశాంతంగా ఉందో చూడండి! ఇలాంటప్పుడే చెప్పింది తలకెక్కుతుంది," అనేది. సోమవారం పొద్దున్నే ఆ పాఠం మీద ప్రశ్నలు. జవాబు రానివాళ్ళు ఆడపిల్లలైతే గోడవైపు తిరిగి నిలబడాలి, మగపిల్లలైతే బెల్టు దెబ్బలు తినాలి. నేనూ చాలాసార్లు ఆ గోడ చూశాను. సున్నం ఎక్కడెక్కడ ఊడిందో ఇప్పటికీ చెప్పగలను. కానీ గోడ ఎవరినీ కొట్టదు కదా.

అన్నయ్య దానికో ఉపాయం కనిపెట్టాడు. ఎండిన అరటి దొప్పలు చీల్చి ఖాకీ నిక్కరు లోపల దోపుకుని వచ్చేవాడు. దెబ్బ తగిలేది కాదు గాని, నడిస్తే గరగరమని చప్పుడు.

"రూయెల్, నీ నిక్కర్లో ఏంటా చప్పుడు?"

"ఆకలి టీచర్."

"ఆకలి వెనకనుంచి అరుస్తుందా?"

"ముందునుంచి అరిచి అరిచి అలిసిపోయి అటు తిరిగింది టీచర్."

దొప్పలు బయటపడ్డాయి. ఆ సోమవారం దెబ్బలు రెండింతలు.

"శుక్రవారం ఏం చెప్పారో నాకు చెప్పవే," అని ఆదివారాలు నా వెంటపడేవాడు. "అలిసిపోయాను పో," అనేదాన్ని. మోసింది తను, అలిసిపోయింది నేను. నిజానికి, నాకొక్కదానికే తెలిసిన సంగతులు కొన్ని ఉండటం నాకు మహా బావుండేది.

పద్నాలుగో ఏట అన్నయ్య బడి మానేశాడు. నాదీ ఆరో తరగతితో సరి. తర్వాత ముప్పై ఏళ్ళు తను మోస్తూనే ఉన్నాడు. మొదట గెలలు, లోయలో పెట్టెలు నింపే షెడ్డు వచ్చాక పెట్టెలు. ఆ షెడ్డులో అరటిపళ్ళు కడిగేది, అత్తాలు కోసేది, పెట్టెల్లో సర్దేది, కాటా దగ్గర కూర్చుని బరువు రాసేది అందరూ ఆడవాళ్ళే. మోసేది మగవాళ్ళు. నలభై నాలుగో ఏట అన్నయ్య నడుం పట్టేసింది. ఇక తలమీద ఏదీ పెట్టొద్దన్నాడు డాక్టరు.

"టోపీ పెట్టుకోవచ్చా అని అడిగొచ్చాను," అన్నాడు నాతో. నవ్వాడు గాని, ఆ వారమంతా గిన్నెలో సగం తిని లేచిపోయాడు. మోయలేని మగవాడికి మా లోయలో ఇంకో పని లేదు.

సరిగ్గా అప్పుడే కాటా కుర్చీ ఖాళీ అయింది. అందులో కూర్చునే పిల్ల పెళ్ళి చేసుకుని కింగ్‌స్టన్ పట్నం వెళ్ళిపోయింది. అన్నయ్య నడుం మీద చెయ్యేసుకుని నేరుగా షెడ్డు పెత్తనందారు డకోస్టా మేడమ్ దగ్గరికి వెళ్ళాడు.

"ఆ కుర్చీ ఆడవాళ్ళది రూయెల్," అందావిడ.

"అని ఎక్కడ రాసుందమ్మా?"

"రాయక్కర్లేదు. అందరికీ తెలుసు."

"నాకు తెలీదే. శుక్రవారం చెప్పుంటారు."

షెడ్డంతా గొల్లుమంది. మేడమ్ మాత్రం నవ్వలేదు. "మగాడి చేతికి పెన్సిలిస్తే చెవి గోక్కుంటాడు. ఇక్కడ లెక్క రావాలయ్యా. పెట్టె ఒక్కింటికి ఇరవై ఎనిమిది పౌన్లు. ఎన్ని పెట్టెలంటే అన్నిటికీ టకటకా బరువు చెప్పాలి. వచ్చే నెల పరీక్ష పెడుతున్నాను. మొహం చెల్లుతుందనుకుంటే వచ్చి కూర్చో," అంది. అందరిముందూ నవ్వులపాలు చేసి పంపొచ్చని ఆవిడ ఉద్దేశం.

అన్నయ్య అట్నుంచి అటే మా వంటింటికొచ్చాడు. "డెల్మా, నాకు శుక్రవారాలు కావాలే," అన్నాడు.

ఈసారి నేను అలిసిపోలేదు.

నేను కొబ్బరి కోరుతుంటే తను ఎదురుగా పీట మీద కూర్చుని ఏడో ఎక్కం చదివేవాడు. రెండు వారాలైనా ముందుకు సాగలేదు.

"ఏడేళ్ళు?"

"యాభై."

"కాదు, నలభై తొమ్మిది."

"ఒక్కటే కదే తేడా. ఇంట్లో మనిషివి, సర్దుకోలేవూ?"

నాకు ఒళ్ళు మండింది. తన జేబులో ఎప్పుడూ డామినో బిళ్ళల పెట్టె ఉంటుంది. మావైపు మగవాళ్ళు చొక్కా లేకుండానైనా బయటికి వెళ్తారు గాని అది లేకుండా వెళ్ళరు. "తియ్యి దాన్ని బయటికి," అన్నాను. "ఆటలో ఒక్కొక్కరికి ఎన్ని బిళ్ళలు పంచుతావు?"

"ఏడు."

"ఎంతమంది ఆడతారు?"

"నలుగురు."

"మొత్తం బిళ్ళలెన్ని?"

"ఇరవై ఎనిమిది. ఏ వెధవనడిగినా చెప్తాడు..." అని ఆగిపోయాడు. నోరు తెరిచి నా మొహంలోకి చూశాడు. "ఓసి నీ! అయితే పెట్టె బరువంటే ఒక ఆటన్నమాట!"

ఇంక చూడాలి. ముప్పై ఏళ్ళుగా చేత్తో పంచుతున్న ఎక్కమే అది. ఒక్కో ఏడుకీ ఒక బిళ్ళ ఠప్పుమని బల్లమీద కొట్టేవాడు. గిన్నెలు ఎగిరిపడేవి. పక్కింటి క్లీటా కంచె మీంచి తొంగి చూసింది. ఆవిడ షెడ్డులో పెట్టెలు సర్దుతుంది. కాటా కుర్చీ మీద ఆవిడకీ కన్నుంది.

"ఏం డెల్మా, అన్నాచెల్లెళ్ళు పొద్దస్తమానం డామినోయేనా? పనీపాటా లేదా?"

"ఓడిపోతున్నాడక్కా. వదలనంటున్నాడు," అన్నాను.

పరీక్ష రోజు కాల్చిన సీమపనస, ఉప్పుచేప గిన్నెలో పెట్టుకుని నేనూ వెళ్ళి కిటికీ పక్కన నిలబడ్డాను. లోపల బోర్లించిన పెట్టెల మీద అయిదుగురు ఆడవాళ్ళు, చివర్న అన్నయ్య. పక్కనే క్లీటా. ముప్పై ఏడు పెట్టెల బరువు ఎంతో రాయమంది మేడమ్.

అన్నయ్యకి మనసులో లెక్క చేయడం చేతకాదు. పైకి గొణగాల్సిందే. "ముప్పై ఏడు ఆటలు. ఒకడి చేతికి రెండొందల యాభై తొమ్మిది. ఇద్దరికి అయిదొందల పద్దెనిమిది. నలుగురికీ వెయ్యీ ముప్పై ఆరు." కిటికీ దాకా వినపడుతోంది.

మేడమ్ కాగితాలు చూసింది. అన్నయ్య కాగితం మీదా, క్లీటా కాగితం మీదా అవే అంకెలు, అదే వరస.

"రూయెల్, లే పైకి. క్లీటాది చూసి రాశావు."

"నేనా? కళ్ళజోడు లేకుండా నా కాగితమే నాకు కనపడదు, ఆవిడదేం కనపడుతుంది?"

"మరి మగాడివి, నీకెలా వచ్చింది?"

క్లీటాని ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని పెళ్ళికూతురిలా కూర్చుంది. నేను నలుగురిలో నోరెత్తే మనిషిని కాదు. ఆ రోజు మాత్రం కిటికీలోంచి, "ఇద్దర్నీ విడివిడిగా అడగండి మేడమ్," అనేశాను.

క్లీటాని కడిగే తొట్టి పక్కకి పంపారు. అన్నయ్యని తలుపు దగ్గర నిలబెట్టారు. నలభై మూడు పెట్టెలు అంది మేడమ్, అని తను కూడా కాగితం మీద వేసుకోవడం మొదలుపెట్టింది.

"వెయ్యీ రెండొందల నాలుగు," అన్నాడు అన్నయ్య. మేడమ్ ఇంకా మొదటి వరసలోనే ఉంది.

"నువ్వు చెప్పు క్లీటా."

క్లీటా కప్పు చూసింది, తొట్టి చూసింది. "ఇంత నిశ్శబ్దంగా ఉంటే నాకు రాదు మేడమ్. పక్కన ఎవరో ఒకరు గొణగాలి," అంది.

మేడమ్ చేతిలో ఇంక ఒక్కటే మిగిలింది. మేకుకి వేలాడుతున్న గులాబీరంగు ఏప్రన్ తీసింది. అంచుకి కుచ్చులు. దాంతోపాటు జుట్టుకి కట్టుకునే వల.

"కాటా దగ్గర కూర్చునేవాళ్ళు ఇవి వేసుకు తీరాలి. ఇది రాసే ఉంది, కావాలంటే చూసుకో. ఏం, వేసుకుంటావా?"

ఏ మగాడూ వేసుకోడని ఆవిడ ధీమా. అన్నయ్య ఏప్రన్ మెడలో వేసుకున్నాడు. వల అందుకుని తన బట్టతల తడుముకున్నాడు. "ఇందులో ఏ చేపలున్నాయని అమ్మా ఈ వల?" అంటూనే చెవులదాకా లాక్కున్నాడు.

సాయంత్రం ఆ వేషంలోనే రమ్ము కొట్టుకి వెళ్ళాడు. బల్లల దగ్గరివాళ్ళంతా ఈలలేశారు.

"ఏమ్మా రూయెల్, పెళ్ళెప్పుడు?"

"మీరు మోస్తూ ఉండండిరా. నేను తీరిగ్గా కూర్చుని ఆలోచించి చెప్తాను."

ఏప్రన్ తాళ్ళు మాత్రం అన్నయ్య పొట్ట చుట్టూ అందలేదు. మర్నాడు నేను పాత దిండుగలీబు చింపి జానెడు ముక్క అతికాను. కూర్చునే పని కదా, రెండేళ్ళకి మళ్ళీ అతకాల్సి వచ్చింది, ఆ తర్వాత ఇంకోసారి. పదమూడేళ్ళు కూర్చున్నాడు ఆ కుర్చీలో. పోయిన ఏడాది జబ్బుచేసి చిక్కిపోయాడు, తాళ్ళు నడుం చుట్టూ రెండుసార్లు తిరిగి ముందుకొచ్చాయి. నేను అతికిన ముక్కలు ఒక్కొక్కటే విప్పి తీసేశాను.

"ఇప్పుడు సరిగ్గా ఉందే డెల్మా," అన్నాడు అద్దంలో చూసుకుని. సోమవారం పనికి వెళ్ళాలి, ఇస్త్రీ చేసి పెట్టమన్నాడు. చేసి పెట్టాను.