సమ్మెట మామయ్య, తెల్లపొడి డబ్బా

మా మామయ్యను అందరూ సమ్మెట అనేవారు. పాత కట్టడాలు పడగొట్టడం ఆయన పని, కనిపించిందల్లా పగలగొట్టడం ఆయన స్వభావం. మాట తూలిన లారీ డ్రైవరు పళ్లు రాలగొట్టాడు. కూర చల్లారిందని కంచం గోడకేసి కొట్టాడు. ఆ ఇంట్లో సొట్ట పడని గిన్నె చూసిన గుర్తు లేదు నాకు. అలాంటి మనిషి పక్కన కూర్చుని, కాంక్రీటు మీద ఉలి నిలబెట్టి రెండు చేతులతో పట్టుకునేది మా అత్త. ఆయన సమ్మెట దెబ్బ గోరంత పక్కకు జరిగితే ఆమె వేళ్లు నుజ్జు. ఇన్నేళ్లలో ఒక్కసారీ జరగలేదు. ఆయనంటే నాకు ఒళ్లు మంట, ఆ గురి మీద మాత్రం గౌరవం.

ఆయన పేగులో క్యాన్సర్ గడ్డ బయటపడింది. కీమో మొదలయ్యాక మామయ్య వేళ్లు మొద్దుబారాయి. గుండీ పెట్టుకోలేక చొక్కానే చింపి పారేశాడు. జిమ్ము నడిపే అత్త తమ్ముడు గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం పొడి డబ్బా తెచ్చి, నరాలకు మంచిదన్నాడు. గట్టి గోడకు గట్టి దెబ్బ అనేది మామయ్య లెక్క. చెంచాడు వేసుకోమంటే గ్లాసుకు సగం వేసుకునేవాడు, కీమోకు వెళ్లే పొద్దున కూడా. తిమ్మిరి ఎగిరిపోయిందని గొప్పలు పోయాడు. డాక్టరుకు చెప్పమన్నందుకు అత్త మీదికి గ్లాసు విసిరాడు.

చివరికి అత్తే చెప్పేసింది, ఆయన ఎదుటే. డాక్టరమ్మ దాచకుండా మాట్లాడింది. "కొందరికి తిమ్మిరి తగ్గిందన్నారు, కొందరికి లేదు. కీమోతో కలిస్తే ఏమవుతుందో ఇంకా పూర్తిగా తేలలేదు. నరాల్ని కాపాడే పొడి గడ్డని కూడా కాపాడదని నేను మాటివ్వలేను. నేను చెప్పేదాకా ఆపండి."

మామయ్య కుర్చీ ఎత్తి కిటికీకేసి కొట్టాడు. అద్దం పెంకులు డాక్టరమ్మ ఒళ్లో పడ్డాయి. నలుగురు పట్టుకుంటే గానీ ఆగలేదు.

ఇంటికి రాగానే అత్త జుట్టు పట్టుకుని, చేతుల్లేని బతుకు బతకమంటావా అని ఊపేశాడు. ఆమె విదిలించుకుని, పెరట్లో బండ మీద డబ్బా పెట్టింది. మూత మీద ఉలి నిలబెట్టి, ఎప్పటిలాగే రెండు చేతులతో పట్టుకుంది.

"తిమ్మిరి పోయిందన్నావుగా. కొట్టు."

సమ్మెట పైకి లేచింది. ఆయన చేతుల్లో పిడి వణుకుతుంటే నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి సమ్మెట నేల మీద ఉంది, మామయ్య చతికిలబడి ఏడుస్తున్నాడు. ఆయన ఏడిస్తే చూడాలని ఎన్నేళ్లుగానో ఉండేది నాకు. చూశాక ముఖం తిప్పుకున్నాను.

కాసేపటికి ఆయనే ఉలి తన చేతిలోకి లాక్కుని డబ్బా మీద నిలబెట్టి, సమ్మెటతో కొట్టమని అత్తకు చెప్పాడు.

అత్త జన్మలో సమ్మెట ఎత్తలేదు. ఎత్తింది. అన్నేళ్ల కోపమూ ఆ దెబ్బలో దిగింది. డబ్బా బద్దలై తెల్లపొడి లేచింది. ఆయన బొటనవేలు చితికి, నెత్తురు ఆ పొడిలో కారుతోంది. మామయ్య మాత్రం ఉలి వదల్లేదు, ముఖం కూడా చిట్లించలేదు.

"తగిలిందా?" అంది అత్త, సమ్మెట వదిలేసి.

ఆయన వేలి వంక చూసుకున్నాడు. "తెలీడం లేదే. తిమ్మిరి పోలేదు, అబద్ధం చెప్పాను. ఈ గడ్డ చచ్చేదాకా ఉలి నేను పట్టుకుంటా. సమ్మెట నువ్వెత్తు."