రాణిగారి సినిమా వేసిన ఆదివారం

కెనడాలోని కిచెనర్ ఊళ్లో ఒక వృద్ధుల నివాసంలో చాముండేశ్వరి చేసే పని గురించి చెప్పడానికి పెద్ద ఉపోద్ఘాతం అక్కర్లేదు. ముసలివాళ్లకు స్నానం చేయించడం, తినిపించడం, డైపర్లు మార్చడం. ఆ పాటి మాట రెండేళ్లుగా ఆమె నోట రాలేదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒకసారి, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో పార్ట్‌టైమ్ అని చెప్పింది. రేపల్లెలో బడిపంతులైన తండ్రి వీరభద్రరావు ఆ మాటను పొల్లుపోకుండా పెళ్లి బయోడేటాలో ఎక్కించాడు. బయోడేటాలో ఎక్కిన ఉద్యోగాన్ని దించడం ఎవరి తరం?

తిరునాళ్లకు వచ్చినట్టు పిల్లలంతా కెనడా వచ్చిపడిన రోజుల్లో ఆమె కూడా వచ్చింది. చదువయ్యాక తన కోర్సుకు వర్క్ పర్మిట్ రాదని చేరాక గానీ తెలియలేదు. ఏప్రిల్ దాటితే పెట్టె సర్దుకోవాలి. అలాంటప్పుడు కెనడాలోనే ఉన్న కాల్గరీ నుంచి ఆంజనేయప్రసాద్ సంబంధం వచ్చింది. అక్కడే స్థిరపడిపోయేందుకు పీఆర్ ఉన్నవాడు, నిదానస్తుడు. ఆమె వేసిన జోక్‌కు రెండు క్షణాలు ఆగి నవ్వేవాడు. మూడు వారాల వీడియో కాల్స్‌లో అతను ఆమెకు నచ్చేశాడు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. పర్మిట్ కోసమే చేసుకునే పెళ్లయితే అబద్ధం అంతగా గుచ్చుకునేది కాదు.

ఆ నివాసంలో సగం మంది జర్మన్లు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం హాల్లో వాళ్ల భాషలో ఒక పాత సినిమా వేశారు. అందులో ఒక కుర్ర రాణి. తనను పెళ్లిచూపులు చూడ్డానికి వస్తున్న రాకుమారుడు ఎలాంటివాడో తెలుసుకోవాలని కుట్టుపని పిల్లలా వేషం వేసుకుని, అతని కోటు కొలతలు తీయడానికి వెళ్తుంది. అతను ఆ పిల్లనే ప్రేమిస్తాడు. వేషం బయటపడ్డాక అందరూ పగలబడి నవ్వి డాన్సులు చేస్తారు. తొంభై ఏళ్ల మార్తా పక్కన కూర్చుని ఈ కథంతా చాముండేశ్వరికి ఇంగ్లీషులో విడమరిచి చెప్పింది.

ఆరోజు వెనక వరసలో ఒక తెలుగావిడ కూర్చుంది. వాలంటీర్‌గా చేరదామని పక్కనున్న వాటర్లూ నుంచి చూడ్డానికి వచ్చానంది. సినిమా మధ్యలో ఒక పెద్దాయన బట్టలు తడుపుకుంటే చాముండేశ్వరి తీసుకెళ్లి మార్చి తెచ్చింది. ఆవిడ అంతా చూసి, పేరడిగి, ఓపికమంతురాలివమ్మా అని మెచ్చుకుని వెళ్లిపోయింది.

సినిమా అయ్యాక మార్తాను గదికి తీసుకెళ్తుంటే ఆమె ఉన్నట్టుండి తన కథ ఎత్తుకుంది. పందొమ్మిదేళ్లప్పుడు ఇళ్లలో గిన్నెలు తోమడానికి ఈ దేశం వచ్చిందట. తల్లికి మాత్రం టీచర్‌నని ఉత్తరాలు రాసిందట.

"మా అమ్మ ఆ టీచర్‌నే తలుచుకుంటూ పోయింది," అంది మార్తా. "నేనెవరో ఆమెకు తెలీదు."

షిఫ్ట్ అయిపోగానే చాముండేశ్వరి బస్‌స్టాప్‌లో నిలబడే ప్రసాద్‌కు ఫోన్ చేసి, తన పనేమిటో ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"తెలుసండీ," అన్నాడు అతను. "ఇవాళ మీ దగ్గరకొచ్చింది మా పిన్ని, బాలత్రిపురసుందరి. వీడియో కాల్‌లో మీ వెనక ఆ నివాసం బోర్డు కనిపిస్తే, నేనే చూసి రమ్మన్నా."

సంబంధం కలుపుకునే ముందు చుట్టాన్ని పంపి గుట్టుగా ఆరా తీయడం మనవాళ్లలో కొత్తేం కాదు. అయినా ఆమెకు ఒళ్లు మండింది. అతను మాత్రం చల్లగానే మాట్లాడాడు. ఆ పని తప్పేం కాదన్నాడు, పిన్ని కూడా మెచ్చుకుందన్నాడు. ఆమె మనసు కుదుటపడేలోపే అసలు సంగతి వచ్చింది.

"అమ్మకీ, మావాళ్లకీ మాత్రం అడ్మినిస్ట్రేషన్ అనే ఉండనివ్వండి. పెళ్లయ్యాక ఎలాగూ మానేస్తారుగా."

చెడ్డవాడైతే తిట్టి ఫోన్ పెట్టేసేది. అతను మంచివాడే, ఆమె మేలు కోరే ఆ మాట అన్నాడు. ఏప్రిల్ గుర్తొచ్చింది. అయినా ఈ పని మాననని, దాచనని చెప్పింది. అయితే తను ఆలోచించుకోవాలన్నాడు అతను. ఆ మాటకు అర్థం ఇద్దరికీ తెలుసు.

కాల్గరీ కబురు చేరేలోపే రేపల్లెకు తనే చెప్పాలనుకుంది. అక్కడ అప్పుడే తెల్లారింది. వీరభద్రరావు కాఫీ తాగుతూ ఫోనెత్తాడు. సంబంధం తప్పేలా ఉందని విని గాభరాపడ్డాడు.

"అడ్మినిస్ట్రేషన్ కాకపోతే మరేం పని చేస్తున్నావమ్మా?"

ఆమె ఒక్కొక్కటే చెప్పింది. స్నానాలు, తినిపించడం, డైపర్లు, ఒక్కోసారి చనిపోయినవాళ్ల ఒళ్లు తుడవడం. ఆఖరున ఆయన గొంతు బాగా తగ్గించాడు.

"సరేలే. మీ అమ్మకు మాత్రం చెప్పకు."

బస్సు వచ్చి ఆగింది. చాముండేశ్వరి ఎక్కలేదు.

"ఫోన్ అమ్మకివ్వు నాన్నా," అంది.