మీ స్టెప్నీకి కొట్టుడు రాదు

శవయాత్ర సగం దారిలో ఆగింది. పాడెను రోడ్డు పక్కన దించారు. దీన్ని దింపుడు కళ్లం అంటారు. ప్రాణం ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే తిరిగొస్తుందేమోనని, దగ్గరివాళ్లు చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలుస్తారు. డప్పులు ఆపేశారు. కొడుకు "బాపూ" అని మూడుసార్లు పిలిచాడు. తర్వాత తమ్ముడు పిలిచాడు. ఆ తర్వాత ఆ తమ్ముడే పోయినవాడి స్నేహితుణ్ని, బస్సు డ్రైవర్‌ను, భుజం పట్టి ముందుకు తెచ్చాడు.

"నువ్వు గూడ పిలువన్నా. నీ మాటకైతే లేస్తడు."

డ్రైవర్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. నేను సరిగ్గా అతని వెనకే ఉన్నాను కాబట్టి విన్నాను.

"అరేయ్, మీ స్టెప్నీకి కొట్టుడు రాదు రా," అన్నాడు.

ఆగాడు. మళ్లీ అదే మాట అన్నాడు. మళ్లీ ఆగాడు. మూడోసారి వేరే మాట అన్నాడు. తర్వాత లేచి ప్యాంటుకు అంటిన దుమ్ము దులుపుకున్నాడు. డప్పులు మొదలయ్యాయి.

నాకు ఏడుపు రాలేదు. ఇబ్రహీంపట్నం నుంచి ఒక దినపత్రికకు ఏళ్ల తరబడి వార్తలు పంపినవాణ్ని. ఎక్కడికి వెళ్లినా ముందు చుట్టూ చూడటం అలవాటు. ఆ రోజూ అదే చేశాను. ఎవరో నీళ్ల ప్యాకెట్లు పంచుతున్నారు. నాకూ ఒకటి ఇచ్చారు, తాగాను. పోయినవాడు తయారుచేసిన గేటు ఒకటి ఆ పక్కనే కనిపించింది. దానికి నీలం రంగు వేశారు. అంతవరకే గుర్తుంది.

పోయినవాడు వెల్డర్. మహేశ్వరం వైపు వచ్చిన వెంచర్లకు గేట్లు, కిటికీలకు గ్రిల్స్ చేసేవాడు. పెళ్లిళ్ల కాలంలో బస్టాండు దగ్గరి బ్యాండులో డ్రమ్ము వాయించేవాడు. డ్రైవర్ అతని చిన్ననాటి స్నేహితుడు. ఆదిభట్లకు కంపెనీ బస్సు నడుపుతాడు. సాయంత్రం బస్సు వదిలేసి డ్రైవర్, షాపు మూసి వెల్డర్, పనేమీ లేక నేను, ఒకే చాయ్ హోటల్ ముందు కలుసుకునేవాళ్లం.

ఎక్కడో విదేశంలో ఉండే ఒక డ్రమ్మర్ గురించిన గొడవ మా మధ్యకు డ్రైవర్ తెచ్చిందే. బస్సులో ఒక ఉద్యోగి రోజూ ఏదో ఇంగ్లిషు పాటలు పెట్టమనేవాడట. పేరుమోసిన రాక్ బృందం, నలుగురు మనుషులు. ఒకనాడు డ్రైవర్ ఆ వీడియో ఫోన్లో పెట్టి వెల్డర్ ముందుకు తోశాడు.

"సూడు రా. దునియా మొత్తం పేరంట. ముగ్గురు ఎగురుతున్నరు, దుంకుతున్నరు. ఎనకాల డ్రమ్ముల కాడ గీన నిద్రల కొడుతున్నట్టే ఉన్నడు. గీనకంటె నువ్వే నయం."

వెల్డర్ పాట మొత్తం చూశాడు. ఇంకోసారి పెట్టమన్నాడు. చాయ్ చల్లారింది.

"నిద్రల లేడు. ఆ ముగ్గురు పడిపోకుంట పట్టుకుంటుండు," అన్నాడు.

అంతే, ఆ రోజు నుంచి వాళ్లకు అదే పని.

"ఆ ముగ్గురు పాట రాసుకుంటుంటె గీనను చాయ్‌కు తోలిచ్చినట్టుంది," అనేవాడు డ్రైవర్.

"చాయ్ తెచ్చెటోడు లేకుంటె పాటెట్ల రాస్తరు రా?"

"గీన బస్సుల స్టెప్నీ టైరు అసొంటోడు. ఉన్నడంటె ఉన్నడు."

"స్టెప్నీ లేకుంట నువ్వు ఆదిభట్ల పోయి రా, సూస్తా."

అలా ఆ డ్రమ్మర్‌కు మా హోటల్ ముందు స్టెప్నీ అనే పేరు స్థిరపడింది. డ్రైవర్ వస్తూనే, కూర్చోకముందే, "అరేయ్, మీ స్టెప్నీకి కొట్టుడు రాదు రా" అనేవాడు. వెల్డర్ తలెత్తకుండానే "పోయి బండి తోలుకో పో" అనేవాడు. వాళ్లకు అదే నమస్కారం. హోటలాయన ఆ జవాబు వినబడితేనే మూడు చాయ్‌లు పోసేవాడు.

తీర్పు చెప్పమని నన్ను అడిగేవాళ్లు. "నువ్వు పేపరోనివి గదన్నా, నువ్వు చెప్పు" అని డ్రైవర్. రెండు వైపుల వాదనలూ విన్నాను, వార్త రేపు వస్తుందని చెప్పేవాణ్ని. ఇద్దరూ కలిసి నన్ను తిట్టేవాళ్లు.

వెల్డర్ ఎందుకంత పట్టుగా వాదించేవాడో నాకు ఒక బారాత్‌లో, పెళ్లి ఊరేగింపులో, అర్థమైంది. అతనూ అలాగే వాయించేవాడు. ముందు కుర్రాళ్లు తీన్మార్ ఆడుతుంటారు, ఎంత వేగమైనా వాళ్లకు చాలదు. వెనక ముసలమ్మలు నడవాలి, బాకా ఊదేవాళ్లకు ఊపిరి అందాలి. వెల్డర్ దరువును ఉన్నచోటే ఉంచేవాడు. విన్యాసాలు ఉండవు, కర్రలు తిప్పడం ఉండదు. చూసేవాళ్లకు అతను ఏమీ చేయనట్టే ఉండేది.

ఆ బారాత్‌కు డ్రైవర్ కూడా పెళ్లికొడుకు తరఫు చుట్టంగా వచ్చాడు. ఆట మంచి ఊపులో ఉన్నప్పుడు, "అరే స్టెప్నీ, జర జోరుగ కొట్టు రా!" అని అరిచాడు. ఎప్పటిలాగే సరదాకి అన్నాడు. చుట్టూ ఉన్న కుర్రాళ్లకు ఆ డ్రమ్మరెవరో, ఆ వాదనేమిటో తెలియదు. వాళ్లకు మాట మాత్రం దొరికింది.

"స్టెప్నీ అన్నా, పంచర్ అయినవా?"

"గాలి కొట్టుండ్రి రా అన్నకు!"

పెళ్లింటి దాకా అదే అరుపు. వెల్డర్ నవ్వుతూనే వాయించాడు. దరువు మాత్రం పెంచలేదు.

ఆ పెళ్లిళ్ల కాలం అయిపోగానే డ్రమ్మును బ్యాండు షాపులో ఇచ్చేసి వచ్చాడు. ఎందుకని అడిగితే, "భుజం నొస్తుంది" అన్నాడు. మేం సరేనన్నాం. వయసు వచ్చింది కదా అనుకున్నాం. చాయ్ హోటల్ ముందు వాదన మామూలుగానే సాగింది. డ్రైవర్ అనేవాడు, వెల్డర్ బండి తోలుకోమనేవాడు. జవాబు అంతకుముందు కంటే కాస్త ఆలస్యంగా వచ్చేదని ఇప్పుడు నాకు అనిపిస్తోంది. అప్పుడు అనిపించిందా అంటే చెప్పలేను.

తర్వాత ఒక మధ్యాహ్నం షాపులోనే గుండెపోటు వచ్చింది. దవాఖానకు తీసుకెళ్లేలోపే పోయాడు.

పాడె పక్కన డ్రైవర్ మూడోసారి అన్న మాట ఇది: "నా మాటకేనా రా డ్రమ్ము ఇడిసిపెట్టినవ్?"

దినాలు అయిపోయాక డ్రైవర్ నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాడు. వెల్డర్ భార్య మజ్జిగ ఇచ్చింది. అతను గ్లాసు చేతిలోనే పట్టుకుని అడిగాడు.

"వదినె, వాడు డ్రమ్ము ఎందుకిడిసిండు?"

"భుజం నొస్తుందన్నడు."

"నా గురించి ఏమన్న అన్నడా?"

"నీ గురించి రోజు అంటుండె. గా డ్రైవర్‌గానికి సంగీతం తెల్వదు, నోరు తెలుసు అనెటోడు."

డ్రైవర్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. మజ్జిగ తాగాడు.

అక్కణ్నుంచి బ్యాండు షాపుకు వెళ్లాం. డ్రమ్ము గోడకు వేలాడుతోంది. పట్టీ ఇంకా వెల్డర్ ఎత్తుకు సరిచేసినట్టే ఉంది. బ్యాండు నడిపే మనిషి బాకా తుడుస్తున్నాడు.

"భుజం సంగతి నాకు చెప్పలే. గేట్ల పని మస్తుంది, తీరుతలేదన్నడు. నేను గూడ బలవంతం పెట్టలే."

బయటికొచ్చాక డ్రైవర్ రోడ్డు దాటకుండా నిలబడిపోయాడు.

"భుజం నొస్తె గేట్లెట్ల లేపిండన్నా? చివరి దినం దాక లేపిండు గద."

"నొప్పితోనే లేపి ఉండొచ్చు," అన్నాను.

"ఉండొచ్చు అంటవ్. పేపర్ల గట్లనె రాస్తరు."

ఇద్దరం హోటల్‌కు వెళ్లి కూర్చున్నాం. హోటలాయన అలవాటుగా మూడు గ్లాసులు తీసి, ఒకటి వెనక్కి పెట్టాడు. డ్రైవర్ ఫోన్ తీసి ఆ పాట పెట్టాడు, చిన్న శబ్దంతో. ఈసారి ముగ్గుర్ని వదిలేసి వెనకాయన్నే చూస్తున్నట్టున్నాడు. పాట అయ్యాక ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. బస్సులు వస్తూ పోతూ ఉన్నాయి.

డ్రమ్ము పట్టీని వెల్డర్ కుడి భుజానికి వేసుకునేవాడు. గేట్లను ఎడమ భుజం మీదికి ఎత్తుకునేవాడు. నొప్పి ఏ భుజానిదో అతను చెప్పలేదు. ఇంట్లోవాళ్లు అడగలేదు, మేమూ అడగలేదు.