బిర్రు అన్నందుకు పడ్డ రిమార్కు

మా ఉపాధ్యాయ సంఘం పత్రికలో రిటైరైనవాళ్ల అనుభవాలు వరసగా వస్తున్నాయి. సర్వీసులో నా తర్వాత ఎంతో కాలానికి చేరినవాళ్లు కూడా రాసేశారు. నన్ను మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. నేనే సంపాదకుడికి ఫోన్ చేస్తే, "మీది ఇంకా ఆ పాత సంగతేనా సార్?" అన్నాడు. ఆ పాత సంగతే. దానికి జవాబు రాలేదు కాబట్టి అది ఇంకా పాతబడలేదు. అడగకపోయినా రాసి పంపుతున్నాను.

1968లో నన్ను దిల్‌సుఖ్‌నగర్ అవతల ఒక ప్రభుత్వ మిడిల్ స్కూలుకు ఇంగ్లీషు టీచరుగా వేశారు. ఏడో తరగతి వరకే ఉన్న బడిని అప్పట్లో మిడిల్ స్కూలు అనేవారు. ఇవాళ ఎల్బీనగర్ చౌరస్తా అని బస్సులన్నీ ఆగే చోట అప్పుడు జొన్నచేలు ఉండేవి. బడంగ్‌పేట్, నాదర్‌గుల్ పిల్లలు ఆ చేల గట్ల మీదుగా నడిచి వచ్చేవారు. సర్కారు నౌకరీల మీద వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇళ్లు కిరాయికి తీసుకున్న కోస్తా వాళ్ల పిల్లలూ మా బడికే వచ్చేవారు.

మరుసటి ఏడాది ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చింది. బడులు నెలల తరబడి మూతపడ్డాయి. మళ్లీ తెరిచేసరికి ఏడో తరగతిలో ముప్పావు వంతు మంది అంతకు ముందు నేర్చుకున్న ఇంగ్లీషు మరిచిపోయారు. కొత్త పుస్తకాలు రాలేదు. అన్నిటికంటే పెద్ద కష్టం బెంచీల దగ్గర వచ్చింది. ఇక్కడి పిల్లలు కిటికీ వైపు, కోస్తా పిల్లలు గోడ వైపు చేరారు. "ఓ గోంగూరా, జర జరుగు" అని ఇటు నుంచి వినపడితే, "మీదీ ఒక తెలుగేనా?" అని అటు నుంచి. ఏడాది చివర ఏడో తరగతికి కామన్ పరీక్ష ఉంటుంది. ఒకరి నోట్సు ఒకరు చూడనివ్వని తరగతిని పుస్తకం లేకుండా ఆ పరీక్షకు తయారు చేయాలి. ఆ పని నా మీద పడింది.

దానికి నేనొక పద్ధతి పెట్టాను. ఇది నా సొంతం, ఏ ట్రైనింగులోనూ ఎవరూ చెప్పింది కాదు. ఇంగ్లీషు మాటలను పొడవును బట్టి, తోకను బట్టి జట్లు కట్టాను. మొదటి జట్టు ఐదక్షరాలది. చివరి నాలుగూ ఐ, జి, హెచ్, టి. ముందు ఒక్క అక్షరం మారుస్తూ పోతే చాలు, రోజువారీ పనికొచ్చే మాటలు ఎనిమిది వస్తాయి: లైట్, నైట్, రైట్, సైట్, మైట్, ఫైట్, టైట్, ఎయిట్. చివరిదాని తోక అదే అయినా పలుకు వేరు కనుక దాన్ని ఆఖరున చెప్పేవాణ్ని. ఒక్క తోక గుర్తుంటే పుస్తకం అక్కరలేదు.

అర్థాల దగ్గర ఒక నియమం పెట్టాను. ప్రతి బెంచీ మీద ఇటు ఒకరు, అటు ఒకరు కూర్చోవాలి. నేను మాట చెప్పగానే ఇద్దరూ లేచి తమ ఇంట్లో దాన్ని ఏమంటారో చెప్పాలి. రెండు ఇళ్ల మాటలూ పడితేనే ఆ మాట వచ్చినట్టు. ఒక్కటే పడితే ఇద్దరూ నిలబడే ఉండాలి. నైట్ అంటే ఒకరు మాపు అంటారు, ఒకరు రాత్రి. ఫైట్ అంటే ఒకరు లడాయి, ఒకరు దెబ్బలాట. మైట్ అంటే ఒకరు తాకత్, ఒకరు బలం. ఎయిట్ దగ్గర మాత్రం రెండు వైపుల నుంచీ ఒకేసారి "ఎనిమిది" అని వచ్చేది. మొదటిసారి అలా వచ్చినప్పుడు తరగతి మొత్తం నవ్వింది. బడి తెరిచాక రెండు వైపులూ కలిసి నవ్వడం నేను వినడం అదే మొదలు.

ముందు బెంచీ మీద మరియమ్మ, శేషకుమారి కూర్చునేవారు. మరియమ్మది బడంగ్‌పేట్. తండ్రి దవాఖానలో వార్డుబాయి. ఆ పిల్ల బడి తెరిచినప్పటి నుంచి నోరు విప్పలేదు. ఏదన్నా చెబితే వెనక నుంచి వెక్కిరించేవారు. శేషకుమారి తండ్రి ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. మరియమ్మ చెప్పకపోతే శేషకుమారి కూడా నిలబడాలి కదా. అందుకని మొదట ఆమె, "చెప్పవే తల్లీ, కాళ్లు పీకుతున్నాయి" అని బతిమాలింది. అలా మొదలైన మాట ఆగలేదు. కొన్నాళ్లకు వాళ్లిద్దరూ నోరు మూయడానికి నేను బెత్తం చూపించాల్సి వచ్చింది.

అప్పుడు తనిఖీ వచ్చింది. మిడిల్ స్కూళ్లను డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ చూసేవాడు. డిప్టీ సాబ్ అనేవాళ్లం. ఆయన తరగతిలో కూర్చుని పాఠం వింటాడు, పిల్లలను స్వయంగా అడుగుతాడు, చివరకు విజిట్ బుక్కులో రిమార్కు రాస్తాడు. ఆ రిమార్కు నకలు పై ఆఫీసులో మన సర్వీసు కాగితాలలో చేరుతుంది. ఈ డిప్టీ సాబ్ కోస్తా మనిషి అనుకునేరు. కాదు, మా నల్లగొండ జిల్లావాడే. ఉద్యోగంలో పైకెక్కిన కొద్దీ పుస్తకం మాట్లాడినట్టు మాట్లాడేవాడు.

నా జట్టు విని, ముందు బెంచీ వైపు తిరిగి "టైట్ అనగానేమి?" అని అడిగాడు.

మరియమ్మ లేచింది. "బిర్రు సార్."

"ఏమిటీ?"

"బిర్రు సార్. బిర్రుగ ఉండుడు."

ఆయన నవ్వాడు. ఆయన నవ్వితే వెనక బెంచీలూ నవ్వాయి. "ఇది బడియా, అంగడియా? బిగుతు అనవలెను. తప్పు. కూర్చో" అన్నాడు.

మరియమ్మ కూర్చోబోయింది. పక్కన శేషకుమారి లేచి ఆమె రెక్క పట్టుకుని ఆపింది. "తప్పు కాదండి. వాళ్లింట్లో అలాగే అంటారండి. బిగుతు మా ఇంటి మాటండి, అది నేను చెప్పాలి. మా అమ్మ కూడా ఇప్పుడు బిర్రు అంటోందండి" అంది. కిటికీ వైపు నుంచి ఎవరో "శాబాష్" అన్నారు. డిప్టీ సాబ్ ముఖం మాడిపోయింది. ఇద్దరినీ కూర్చోమని, నన్ను హెడ్మాస్టరు గదికి రమ్మన్నాడు.

అక్కడ నా ముందే రాశాడు: "ఇంగ్లీషు పదములకు గ్రామ్య పదములతో అర్థములు చెప్పించుట వలన బోధనా ప్రమాణము దిగజారినది. ఉపాధ్యాయుని మందలించడమైనది." గ్రామ్యం అని ఎలా తేల్చారని అడిగాను. అది తర్వాత వ్రాతపూర్వకముగా అడగవచ్చునన్నాడు.

తర్వాత జరిగింది అందరికీ చెబుతాను, ఎందుకంటే అందరూ కట్టుకథ అంటారు. డిప్టీ సాబ్ స్కూటరు ఎక్కుతుంటే మా అటెండరు యాదయ్య వెనక క్యారియర్ మీద ఫైళ్ల మూట కడుతున్నాడు. మూట వదులుగా ఉంది. డిప్టీ సాబ్ వెనక్కి తిరిగి, "ఏందిరా గా కట్టుడు? జర బిర్రుగ కట్టు, తొవ్వల పడిపోతయ్" అన్నాడు. యాదయ్య పొద్దున తలుపు దగ్గరే ఉండి అంతా విన్నాడు. నా వైపు ఒక చూపు చూసి, "అట్లనే సాబ్. బిర్రుగనే కట్టిన" అని తాడు ఇంకో చుట్టు తిప్పాడు. హెడ్మాస్టరు గుమ్మంలోనే ఉన్నాడు. ఆయనా విన్నాడు. స్కూటరు పోయాక, "ఎందుకొచ్చిన గొడవ మాస్టారూ, ఆయన రేపటికి మర్చిపోతాడు" అన్నాడు.

"ఆయన మర్చిపోతడు సార్, నేను మర్చిపోను" అన్నాను.

పద్ధతి మార్చలేదు. మరుసటి వారం ఆరక్షరాల జట్టు మొదలుపెట్టాను: బ్రైట్, ఫ్లైట్, స్లైట్. స్లైట్ అంటే చిన్నచూపు. ఆ మాటకు రెండు ఇళ్ల అర్థాలూ నా దగ్గరే ఉన్నాయి. కామన్ పరీక్షలో ఇంగ్లీషు తప్పినవాళ్లు ఎవరూ లేరు. మరియమ్మ తర్వాత నర్సు ట్రైనింగుకు పోయింది.

ఆయన చెప్పినట్టే వ్రాతపూర్వకంగా అడిగాను. బిర్రు అన్నది ఏ నియమం ప్రకారం తప్పో తెలపమని రాశాను. జవాబు రాలేదు. రిమైండర్ పంపితే, సరైన మార్గంలో పంపలేదని తిప్పి పంపారు. సరైన మార్గంలో, అంటే హెడ్మాస్టరు ద్వారా పంపితే అసలు తిరిగి రాలేదు. హెడ్మాస్టరు పదోన్నతి వచ్చిన ప్రతిసారీ ఆ రెండు వాక్యాలు చదివి నన్ను పక్కన పెట్టారు. నా వెనకవాళ్లకు కుర్చీలు దక్కాయి. ఈలోగా పెద్ద నిఘంటువులు తిరగేశాను. బిర్రు అన్నిటిలోనూ ఉంది. అర్థం బిగువు అనే ఉంది. నేను రిటైరయ్యే ఏడు ఒక ట్రైనింగులో కుర్ర రిసోర్సు పర్సన్ లేచి, పిల్లల ఇంటి భాషతో మొదలుపెట్టాలని, ఇది కొత్త పద్ధతని చెప్పాడు. చెయ్యెత్తాను. సమయం లేదన్నాడు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇంతే: పిల్ల తన ఇంటి మాటతో జవాబు చెప్పినప్పుడు తప్పు అనే ముందు, ఆ మాట మనం ఎక్కడెక్కడ వాడతామో చూసుకోవాలి. తనిఖీకి వచ్చేవాడికి ఇది ఇంకా ముఖ్యం.

డిప్టీ సాబ్ ఇప్పుడు ఎల్బీనగర్‌లోనే ఉంటున్నాడు. ఈ పత్రిక ఆయనకూ పోస్టులో వెళ్తుందని నాకు తెలుసు. అయ్యా, రిమార్కు కొట్టెయ్యమని ఇక అడగను. నాకు కావాల్సింది ఒక్క వాక్యం. పొద్దున మరియమ్మ నోట తప్పయిన మాట, అదే రోజు మీ ఫైళ్ల మూట దగ్గర ఒప్పు ఎట్లయింది? వ్రాతపూర్వకముగా అడగమన్నారు, అడిగాను. వ్రాతపూర్వకముగానే చెప్పండి.