బావ వీడియోలో చక్రం

ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కేవాళ్లం చాలామందిమే ఉన్నాం. మాలో బస్సెక్కి నంద్యాల గ్రంథాలయానికి వెళ్లి శిల్పశాస్త్రం చదివింది నేనొక్కణ్ణే. పదో తరగతి దాటలేదు గానీ, ఏ దేవుడి ఏ చేతిలో ఏముండాలో పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. గుడి కట్టేవాళ్లు ముందు నా దగ్గర కూర్చుని అవన్నీ అడిగేవారు. అలా కూర్చున్నవాళ్లు మరో కొట్టుకు పోయేవారు కాదు.

ఎదురు కొట్టు మా అక్క మొగుడిది. పుస్తకం ముట్టని మనిషి. ఫోన్‌లో వీడియోలు పెట్టడం మొదలుపెట్టాక ఎక్కడెక్కడినుంచో ఆర్డర్లు. అతని విగ్రహాలు లారీ ఎక్కుతుంటే, నేను ఉలి నూరుకుంటున్నట్టు తల వంచుకునేవాణ్ణి.

ఈ మధ్య పాణ్యం వైపు నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. ఊరి గుడికి వేంకటేశ్వరస్వామి విగ్రహం కావాలి. అంత పెద్ద పని దొరికితే ఈ ఏడు నా కొట్టు నిలబడుతుంది. పెద్దాయన ఫోన్ చూపించాడు.

"ఇట్లాంటిదే కావల్ల అప్పా. ఈ కొట్టు యాడుంది?"

బావ వీడియో. విగ్రహం పక్కన నిలబడి నవ్వుతున్నాడు. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

"చక్రం ఎడమచేతిలో ఉంది సూడన్నా! కుడిచేతిలో గదా ఉండాల్సింది. చదవనోళ్లు చెక్కితే ఇట్లే ఉంటాది."

శ్లోకం చెప్పి మరీ వివరించాను. పెద్దాయన కంగారుపడ్డాడు.

"అపచారం గదప్పా! పా, ఆయప్పనే అడుగుదాం."

గెలిచాననుకుని, ఎదురు కొట్టు చూపించి నేనూ వెంట నడిచాను. బావ కొట్లో అదే స్వామి కుడిచేతనే చక్రం పట్టుకుని ఉన్నాడు.

బావ పగలబడి నవ్వాడు. "నన్ను నేనే తీసుకున్న్యా బామ్మర్దీ, ముందు కెమెరాతో. అద్దంలో మాదిరి తిరగబడింది. ఎనక బోర్డు సూడు, అచ్చరాలు గూడా అట్లనే ఉండాయి. అంత చదువుతావే, ఆ బోర్డు చదవలేకపోయినావా?"

పెద్దమనుషులూ నవ్వారు. పని అతనికే ఇచ్చారు.

మర్నాడు బావ కొత్త వీడియో పెట్టాడు. ఏ చేతిలో ఏముండాలో, ఎందుకుండాలో, పెద్దాయన నోట విన్నాడేమో, నేను ఆయనకు చెప్పిన వరసలోనే చెప్పాడు. శ్లోకం మాత్రం తప్పు చదివాడు. కింద ఎవరో రాశారు: "ఎంత చదివినావన్నా!"

తప్పు ఎక్కడుందో చూపిస్తూ నేనూ కింద టైపు చేశాను. పంపేముందు చెరిపేశాను. అది కూడా నేర్చేసుకుంటాడు.