గడప నుంచి గడపకు

మా సారు పోయారు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల పక్క సందులో విమానం టికెట్లు తీసే ఆయన చిన్న ఆఫీసును మీలో కొందరైనా చూసే ఉంటారు. పదకొండేళ్లు అక్కడ పనిచేశాను. నాలుగు మంచి మాటలు రాద్దామనే కూర్చున్నాను గానీ లోపలంతా కోపమే ఉంది. అందులో ఎక్కువ నా మీదే.

సారు ప్రతి టికెట్ కవరు మీదా రెండు టైములు రాసేవారు. గాలిలో ఎన్ని గంటలు, గడప నుంచి గడపకు ఎన్ని గంటలు. దుబాయ్ నాలుగు గంటలే కదా అని ఎవరైనా అంటే, "గాలిల నాలుగే. మరి నువ్వు గాలిలనే ఉంటవా?" అని నవ్వేవారు.

ఎవరింట్లో చావు జరిగినా సారుకు ఫోన్ వచ్చేది. దూరాన ఉన్న బిడ్డో తమ్ముడో ఎప్పటికి చేరతారో ఆయన చెబితేనే శవాన్ని లేపే వేళ పెట్టుకునేవారు. టికెట్ చేతికి వచ్చేదాకా ఆయన నోట ఇన్ని గంటలన్న మాట వచ్చేది కాదు. "మొదలు చెప్పిన టైమే మనుషుల మనసుల కూసుంటది బిడ్డా. ఎన్కకెల్లి ఎంత దిద్దినా పోదు" అని నాకు వెయ్యిసార్లు చెప్పారు.

సారుకు ఒక్కతే కూతురు, ఆస్ట్రేలియాలో పెర్త్‌లో ఉంటుంది. నేను చెల్లె అనే పిలుస్తాను. కొరివి తానే పెడతానని తండ్రికి మాటిచ్చింది. మొన్న తెల్లవారుజామున, కర్మన్‌ఘాట్‌లో సారు ఇంట్లో, ఆయన అన్నగారు నన్ను అడిగారు: "బిడ్డ ఇప్పుడు ఎల్లితే ఎప్పటికి ఒస్తదమ్మా?"

ఏడుస్తూ ఫోన్‌లో చూశాను. ఆరువేల ఎనిమిది వందల కిలోమీటర్లు, తొమ్మిది గంటలు అని ఉంది. "తొమ్మిది గంటలు" అనేశాను. నేరుగా విమానమే లేని దారికి, మ్యాపు మీద గీత గీసి చెప్పిన టైమది. పదకొండేళ్లు టికెట్లు తీసినదాన్ని, నాకు తెలియదా?

లేపేది సాయంత్రం ఐదింటికని అందరికీ ఫోన్లు వెళ్లాయి. పొద్దున పదకొండింటికి చెల్లె టికెట్ పంపింది. సింగపూర్‌లో ఆగి, ఇక్కడ దిగేది మర్నాడు పొద్దున. ఆమె వచ్చేదాకా ఆగమని పెద్దాయన కాళ్లావేళ్లా పడ్డాను.

"అందరికి ఐదని చెప్పినం. అల్మాస్‌గూడకెల్లి చుట్టాలు బయల్దేరిన్రు. నువ్వే కదమ్మా తొమ్మిది గంటలన్నది? ఇగ ఆగేదెట్ల?"

ఎందరి ఇళ్లలోనో చుట్టాలను ఆపిన మనిషికి తన ఇంట్లో ఒక్క రాత్రి దొరకలేదు. కొరివి అన్నగారి కొడుకు పెట్టాడు. తిరిగొస్తూ చుట్టాలు ఎల్‌బీ నగర్ ట్రాఫిక్ గురించి మాట్లాడుకున్నారు. చెల్లెకు ఫోన్ చేసి చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు, నాకూ రాలేదు.

పొద్దున ఆమె క్యాబ్ దిగేసరికి టెంటు విప్పుతున్నారు. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఎన్నింటికి లేపిన్రక్కా?"

"ఐదింటికి."

"అప్పుడే సింగపూర్ల దిగిన. నాయిన నా కోసం ఆగిండనుకుంట అక్కడ్నే కూసున్న."

బ్యాగులోంచి ఒక శాలువా తీసింది. నాయిన మీద కప్పడానికి ఆ ఎయిర్‌పోర్టులో కొన్నదట, మడత ఇంకా విప్పలేదు. నా చేతికిచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఇద్దరికీ తెలియలేదు.